కుడి ముల్లు

"జ్యోతీ! ముళ్ళ మీదనే చూపు పెట్టు. రెండూ ఒక్క నంబరు మీదికి రాంగనే చెప్పు," అన్నాడు నాయిన.

జ్యోతిక ముందు స్టూలు మీద రెండు గుండ్రటి మీటర్లున్నాయి. వాటి రబ్బరు గొట్టాలు పాత మోటార్ సైకిల్ రెండు కార్బురేటర్లకు తగిలించి ఉన్నాయి. ఇంజన్ ఏ వైపు ఎంత గాలి పీలుస్తుందో ఆ ముళ్ళు చూపిస్తాయి. రెండు వైపులా సమానంగా పీలిస్తేనే బండి దారిలో మొరాయించదు.

నాయిన శేఖర్ బస్సు డిపోలో మెకానిక్. తెలంగాణ కోసం అందరూ సమ్మె కట్టారు. బస్సులు బంద్, బడి బంద్. ఎల్బీనగర్‌లో వాళ్ల గల్లీ బోసిపోయింది. కాలు విరిగిన అమ్మమ్మను చూసి నాలుగు రోజుల్లో వస్తానని చౌటుప్పల్ అవతలి ఊరికి పోయిన అమ్మ, బస్సుల్లేక అక్కడే చిక్కుకుపోయింది. ఇరవై రోజులైంది.

రోజూ అమ్మ ఫోన్ చేస్తుంది. "మంచిగున్నవా బిడ్డా?"

"మంచిగున్నమ్మా," అంటుంది జ్యోతిక. ఫోన్ పెట్టేశాక అమ్మ చీరలో మొహం దాచుకుని ఏడుస్తుంది. ఆ సంగతి ఎవరికి తెలుసు!

ఈరోజు బండి బాగైతే అమ్మ దగ్గరికి పోవడమే. కానీ ఆ కుడి ముల్లుకు ఏం రోగమో! ఎడమది బుద్ధిగా నిలబడితే, కుడిది ఒకటే గిలగిల. నాయిన వంగి గంటసేపటి నుంచి స్క్రూ తిప్పుతూనే ఉన్నాడు. జ్యోతికకు ఒళ్ళు మండింది. కుడి ముల్లు ఎడమదాని నంబరును తాకగానే ఆ కుడి మీటరు గొట్టాన్ని వేళ్ళతో గట్టిగా నొక్కేసింది. ముల్లు ఠక్కున ఆగిపోయింది.

"నాయినా, సమానం!"

"శభాష్! ఎక్కు బండి!"

పెద్ద అంబర్‌పేట్ దాటారు. నాయిన వీపుకు చెంప ఆనించి, అమ్మకు ఏమేం చెప్పాలో అనుకుంటూ కూర్చుంది జ్యోతిక. బాటసింగారం దగ్గర బండి కుదుపులు పడి, రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

"రెండు సమానం జేసినం గద, ఎట్ల ఆగింది?" నాయిన తల గోక్కున్నాడు.

జ్యోతిక మెల్లగా బండి దిగింది. "నేనే గొట్టం ఒత్తిపట్టిన నాయినా. ముల్లు ఆగుతలేదని."

నాయిన తిట్టలేదు, బండికి స్టాండు వేశాడు. రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

"బండికి బాగలేదని ముల్లు చెప్తుంది బిడ్డా. నువ్వు దాని నోరు మూసినవ్. ఇగ నాకెట్ల తెలుస్తది?"

ఆగుతూ, నెడుతూ ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మళ్ళీ గొట్టాలు తగిలిస్తుంటే ఫోన్ మోగింది.

"మంచిగున్నవా బిడ్డా?"

అలవాటైన మాట నోటిదాకా వచ్చింది. జ్యోతిక మీటర్ల వైపు చూసింది.

"లేనమ్మా. నువ్వు లేక ఇల్లంత ఎట్లనో ఉంది. రోజూ ఏడుస్తున్న. నీకు చెప్తలేనంతే."

అటు నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"నేను గూడ మంచిగ లేను బిడ్డా," అంది అమ్మ.

వెనక నుంచి అమ్మమ్మ అరుపు వినిపించింది. "ఏందే గీ ఏడుపు? నా కాలే గద ఇరిగింది, నేను పోలే గద!"

జ్యోతికకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ఫోన్ పెట్టేసి, ముక్కు తుడుచుకుని, స్టూలు ముందు కూర్చుంది. నాయిన ఇంజన్ స్టార్ట్ చేసి స్క్రూ తిప్పాడు.

"అయినయా సమానం?"

జ్యోతిక చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది.

"కాలే నాయినా. కుడిది ఇంక ఆడుతనే ఉంది."