మధ్యలో మూడు గళ్ళు

కొత్త సర్క్యూట్ బోర్డుతో పాటు కొత్త ఇంజనీరూ దిగాడు. ఆ రోజునుంచే ముంగికి కడుపులో మంట.

ముంగి అంటే, తూకం మిషన్లు చేసే ఆ కంపెనీలో తెర మీద అంకెలు చూపించే ప్రోగ్రాం రాసే కుర్రాడు. నోట్లోంచి మాట ఊడిపడదని ఆ పేరు. తూకం పళ్ళెం కింద బరువు కొలిచే ప్రోగ్రాం రాసే పిల్ల ఓనరుగారి తమ్ముడి కూతురు. పక్క బల్లే. మూడేళ్ళుగా ఆమె అంటే ప్రాణం. ఆ సంగతి ఆమెకి తప్ప అందరికీ చెప్పినట్టే ఉండేది వాడి మొహం.

ఇప్పుడామె పొద్దస్తమానం ఆ పొడుగాటి కొత్త ఇంజనీరు బల్ల దగ్గరే. ఒకటే పకపకలు.

పైగా పళ్ళెంలో కిలో రాయి పెడితే తెర మీద ఏనుగు బరువు!

"ఆయనొచ్చాకే చెడింది. ఆ బోర్డే దండగ," అన్నాడు ముంగి. ఆ నెలలో వాడి అతి పెద్ద ప్రసంగం అదే.

"బోర్డుకేం రోగం? ఇలా రా." ఆమె కాగితం మీద గళ్ళు గీసింది. "ఇవి మెమరీ గళ్ళనుకో. నా పాత చిప్‌లో 'ఇది బరువు' అని చెప్పే గుర్తుకి ఒక గడి, ఆ వెంటనే బరువు అంకెకి నాలుగు. ఇరుక్కుని కూర్చుంటాయి. నీ కొత్త బోర్డు మీది చిప్‌కి అలా కుదరదు, బరువు నాలుగేసి గళ్ళ వరస మొదట్లోనే మొదలవ్వాలి. అందుకని మనం రాసింది చిప్ భాషలోకి మార్చే కంపైలర్ మధ్యలో మూడు గళ్ళు ఖాళీగా వదిలేస్తుంది. నేను పంపింది నీకు చోటు తప్పి చేరుతోంది. ఇంతకుముందు రెండు వైపులా ఒకే రకం చిప్ కాబట్టి నడిచింది. అంతా ఒకే ముద్దగా పంపమన్నదెవరు?"

"...నేనే."

"పెదనాన్నకి తెలిసేలోపు సర్దేద్దామని ఆ ఇంజనీరుగారిని బతిమాలి నేర్చుకుంటున్నా. తమరేమో మొహం మాడ్చుకున్నారు."

"మరి ఆ నవ్వులు?"

"నీ మీదే! 'మీవాడు నన్ను చూపులతోనే కాల్చేస్తున్నాడమ్మా' అన్నాడాయన."

బయట వాన అందుకుంది. ముంగి చెవులు ఎర్రబడ్డాయి.

"ఎలా బాగుచేయాలి?"

"ముద్దగా కాదు. ఒక్కొక్కటే విడదీసి, వరసగా పంపాలి."

ముంగి కుర్చీ ఆమె వైపు తిప్పాడు. "అయితే విను. ఒకటి, నాకు కుళ్ళు. రెండు... నువ్వంటే ఇష్టం. మూడు, మూడేళ్ళనుంచి."

ఆమె పెన్ను కింద పెట్టింది.

"చేరాయి. మూడూ," అంది.

సాయంత్రం ఓనరు పెద్దాయన వచ్చి కిలో రాయి పెట్టాడు. తెర మీద సరిగ్గా కిలో.

"ఎవరే బాగుచేసింది?"

"ఇద్దరం, పెదనాన్నా. వీడు నోరు విప్పాడు."

పెద్దాయన ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. రాయి తీసి జేబులో వేసుకున్నాడు.

"ఇన్నాళ్ళకా! సరే అమ్మాయ్, మీ నాన్నతో నేను మాట్లాడతాలే."