ఎనిమిది కిలోల అబద్ధం

"మీ బరువెంత?"

దుకాణంలో మరో ఇద్దరు చెవులు రిక్కించి ఉండగా, చక్కని అమ్మాయి ఒక యువకుణ్ణి ఈ ప్రశ్న అడగడం అన్యాయమే. కానీ తొగాషి కోతోహ కుతూహలం కొద్దీ అడగలేదు. సకాతా రేవుపట్టణంలో క్యాంపింగ్ సామాన్లు అమ్మే ఆ దుకాణంలో, పారామోటార్ మీద రాత్రి బసకు వెళ్లేవాళ్లకు సామాను ఎంచి ఇచ్చేది ఆమే. వీపున ఇంజిను, తలపైన గుడ్డరెక్క, చక్రాలకు బదులు కాళ్లు. అలాంటి వాహనానికి సామాను ఎంచాలంటే ముందు మనిషి బరువు తెలియాలి.

"ఎనభై నాలుగు," అన్నాడు షింగో.

అతని బరువు తొంభై రెండు. ఆ మాట నోటినుంచి వెలువడేదాకా, తాను అబద్ధం చెప్పబోతున్నట్టు అతనికే తెలియదు. అతడు మిడిల్ స్కూలు గణితం మాస్టారు. అంకెలకు సిగ్గూ మొహమాటమూ ఉండవని ఆ పొద్దున్నే పిల్లలకు బోధించి వచ్చాడు.

కోతోహ కాలిక్యులేటర్ నొక్కింది. "మీ రెక్క మోయగల మొత్తం బరువులోంచి ఇంజిను, పెట్రోలు, బట్టలు, మీరు తీసేస్తే పది కిలోలు మిగిలాయి. బ్రహ్మాండం. హాయిగా పడుకోవచ్చు."

షింగో మనసులో అదే తీసివేత సరైన అంకెతో చేశాడు. రెండు కిలోలు మిగిలాయి.

దిద్దుకోవడానికి అప్పుడే అవకాశం ఉంది. కానీ ఆమె నవ్వుతూ ఒక టెంట్ విప్పి చూపిస్తోంది. నవ్వితే ఆమె ఎడమ చెంపన సొట్ట పడుతుంది. హేతువాదులు సైతం ఇలాంటి కారణాలను చిన్నవిగా చూడరాదు.

"ఇది ఒకటిన్నర కిలో. ఇసుకలో మేకులు నిలవవు కనక అవి వద్దు. ఈ గుడ్డసంచుల్లో ఇసుక నింపి పాతిపెడితే చాలు. ఎలా ఉంది?"

"ఇంకా తేలిగ్గా ఏమైనా..."

"ఇంకానా?"

"టెంట్ బదులు ఒట్టి గుడ్డ కప్పు ఉంటుంది కదా, ఆ టార్ప్?"

"ఉంటుంది. వానొస్తే మూడు పక్కలా తడుస్తారు. సరే, మీ ఇష్టం. మరి చాప? నేల ఒంట్లో వేడిని లాగేస్తుంది, చాప మాత్రం మానకండి."

"గాజుసామాను చుట్టే బుడగల కాగితం చాలదా?"

కోతోహ అతన్ని తేరిపార చూసింది. "మాస్టారూ, మీరు క్యాంపింగుకి వెళ్తున్నారా, పార్సిల్లో వెళ్తున్నారా?"

ప్రయాణానికి ముందు పదిహేను రోజుల్లో షింగో ఆ దుకాణానికి ఐదారుసార్లు వెళ్లాడు. వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒకటి తిరిగిచ్చి, దానికన్నా తేలికైనది అడిగాడు. స్లీపింగ్ బ్యాగ్ ఇచ్చేసి, దానిలోపల వేసుకునే పలుచటి సంచి ఒక్కటే ఉంచుకున్నాడు. టూత్‌బ్రష్ పిడి కోసేశాడు. స్టవ్‌కు వేరే గ్యాసు ఎందుకు, ఇంజిన్లో పెట్రోలు ఉందిగా అన్నాడు. దాన్లో ఆయిల్ కలిసి ఉంటుందని, వెలిగిస్తే మొహమంతా మసేనని ఆమె చెప్పింది. అతడు స్టవ్ కూడా మానేశాడు.

"తేలికదనం పిచ్చి ఇంతగా పట్టినవాణ్ణి నేనెక్కడా చూళ్లేదు," అంది కోతోహ. ఆమె గొంతులో గౌరవం వినిపించడం అతనికి దుర్భరమైంది. "సముద్రం లేని మీ ఊళ్లవాళ్లంతా ఇంతేనా? చేమదుంపల పులుసులో మిసో కూడా బరువనేగా సోయా నీళ్లు పోసుకుంటారు?"

"అది మిసో లేకపోవడం కాదండీ, రుచి ఉండడం. గొడ్డుమాంసంతో సోయా పడితే దాని సంగతే వేరు. పందిమాంసంలో మిసో కలిపితే అది మామూలు చారు."

"ఈ సముద్రపు ఒడ్డున ఆ మాట ఇంకోసారి అనకండి. మా నాన్న మీ రెక్క కోసేస్తాడు."

ఆకురాలు కాలంలో నది ఒడ్డున పొయ్యి వెలిగించి చేమదుంపల పులుసు వండుకోవడం ఆ సీమలో అందరికీ ఉన్నదే. అందులో పులియబెట్టిన సోయా ముద్ద మిసో వేయాలా, సోయా రసం పోయాలా అన్న తగువు కూడా అందరికీ ఉన్నదే. ఆ తగువు సాగినంతసేపూ షింగోకు ఊపిరి ఆడేది. అంకెల ప్రస్తావన రాగానే చెవులు వేడెక్కేవి. తిండి తగ్గించి చూశాడు. అది కొత్త బియ్యం వచ్చే కాలం. ఆ ప్రయత్నం మూడు పూటలు సాగింది.

కోతోహ తండ్రి తొగాషి గారు నది గట్టున పారామోటార్ క్లబ్బు నడుపుతాడు. ఆ క్లబ్బులో ఒక మర్యాద ఉంది. రాత్రి బసకు వెళ్లేవాళ్ల సామాను ప్రతిదాన్నీ ధాన్యం తూచే కాటా మీద పెడతారు, మనిషిని మాత్రం పెట్టరు. మనిషి తన బరువు నోటితో చెబుతాడు. రెండోసారి అడగడమంటే అతని మాటను శంకించడం. ఇది శాస్త్రీయమైన పద్ధతి కాదు. ఏ మర్యాద మాత్రం శాస్త్రీయంగా పుట్టింది?

బయలుదేరే సాయంత్రం షింగో సంచి కాటా మీదికి ఎక్కింది.

"రెండు కిలోలు!" తొగాషి గారు కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ చూశాడు. "ఇదేం సంచి అబ్బాయ్, లోపలివి ఎవరైనా దొంగిలించారా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వి చప్పట్లు కొట్టారు. షింగో తల వంచుకున్నాడు. వాళ్లు దాన్ని వినయం అనుకున్నారు.

తర్వాత అతనికి తోడుగా ఎగరబోతున్న కోతోహ సామాను తూచారు. ఆమె చిన్న రెక్కకు అది చాలా ఎక్కువైంది. అందులో ఒక నీలం సంచి ఉంది.

"ఇందులో ఏముందే?" అన్నాడు తొగాషి గారు.

"అవసరమైనవి," అంది ఆమె, చూపు తిప్పుకుని.

"ఈ నీలం సంచీ, ఇద్దరి మంచినీళ్లూ షింగో మోస్తాడు. అతని రెక్కకి ఇంకా ఎనిమిది కిలోల చోటుంది. ఏమయ్యా, మోస్తావుగా?"

ఇక్కడ ఒక్క మాట చాలు. పదిమంది ముందు, ఆమె ముందు, ఒక్క అంకె. షింగో నోరు తెరిచాడు.

"మోస్తానండి," అన్నాడు.

"రెండు బసల మధ్యా పదడుగులు ఉండాలి. అది కూడా తూచే చెబుతున్నా," అన్నాడు తొగాషి గారు. అందరూ మళ్లీ నవ్వారు. ఆ మనిషి కూతుర్ని తనతో నమ్మి పంపుతున్నాడన్న ఎరుక, మోయవలసిన సామాన్లన్నిటికన్నా బరువుగా షింగో మీద పడింది.

కోత కోసిన పొలంలో కోతోహ పది అంగల్లో గాలిలోకి లేచింది. షింగో పొలం చివరి కాలువ దాకా పరిగెత్తి, నీళ్లలో ఒక బూటు ముంచి లేచాడు.

తీరం వెంబడి ఉత్తరంగా, చోకాయ్ కొండ దిగువన ఉన్న ఇసుకమేట దాకా వాళ్లు వెళ్లాలి. ఎడమన సముద్రం, కుడిన దేవదారు తోపులు. ఇద్దరి రెక్కలూ ఒకే రకం, ఎవరి బరువుకు తగిన సైజు వాళ్లది. చెప్పిన బరువులు నిజమైతే ఇద్దరూ పక్కపక్కనే సాగాలి. కానీ నిమిషాలు గడిచేకొద్దీ ఆమె వెనకబడిపోతోంది.

రేడియో గరగరలాడింది. "షింగో గారూ, ఏమిటా తొందర? నన్నొదిలేసి పోతున్నారు."

"నేను వేగం పెంచలేదండీ. గాలి తోస్తోంది."

"ఆ గాలి నన్ను తోయదా?"

ఇద్దరూ ఒకే గాలిలో ఉన్నారు. గాలి ఒకరిని తోసి మరొకరిని వదలదు. ఒకే రకం రెక్కల్లో, తన పరిమాణానికి మించి బరువు మోసేదే ముందుకు ఉరుకుతుంది. ఆ సంగతి అతనికెంత తెలుసో ఆమెకూ అంతే తెలుసు. ఆకాశంలో దాక్కోవడానికి చోటుండదని షింగోకు మొదటిసారి అర్థమైంది.

బరువు పెరిగితే ఇంజిను ఎక్కువ తాగుతుంది. పెట్రోలు మట్టం అడుగుకు చేరింది. ఇసుకమేట ఇంకా చాలా దూరం ఉంది.

"కోతోహ గారూ, నేను... ఇక్కడే దిగిపోవాలండీ."

"దిగండి. వస్తున్నా," అంది ఆమె. అంతకుమించి ఒక్క ముక్క లేదు.

పడవలేవీ లేని ఇసుక ఒడ్డున ఇద్దరూ దిగారు. ఆమె హెల్మెట్ తీసి, అతని పెట్రోలు ట్యాంకు చూసి, అతన్ని చూసింది.

"ఎంత?"

"అర లీటరు ఉండొచ్చండి."

"పెట్రోలు కాదు. మీరు."

షింగో కూడా హెల్మెట్ తీశాడు.

"తొంభై రెండు."

కోతోహ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. "అంటే ఆ టార్పూ, బుడగల కాగితం, కోసిన టూత్‌బ్రష్..."

"మీతో చెప్పిన అబద్ధాన్ని నిజం చేద్దామని."

ఆమె నవ్వుతుందనుకున్నాడు. నవ్వితే భరించడానికి సిద్ధపడ్డాడు కూడా. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"రెక్క ముడుచుకుపోయి ఉంటే? నా సంచి మోస్తూ మీరు సముద్రంలో పడి ఉంటే, నేను మా నాన్నకేం చెప్పాలి? మీరు లావని తెలిస్తే నేనేమనుకుంటానోనని భయపడ్డారా? మీరు లావుగా ఉన్నారని నాకు కళ్లు లేక తెలీదా? వసంతంలో మా క్లబ్బుకి వచ్చిన మొదటిరోజు మీరు పొలంలో బోర్లా పడ్డప్పుడే చూశాను. లేచి ముందు రెక్కకి దుమ్ము దులిపారు, తర్వాత మీ మొహానికి. ఆ మనిషి నచ్చాడు. ఈ మనిషి ఎవరో నాకు తెలీదు."

షింగో క్షమించమని నడుము వంచి నిలబడ్డాడు. ఎంతసేపు వంగి ఉండాలో తెలియక అలాగే ఉండిపోయాడు. అప్పుడు వాన మొదలైంది. ఆ తీరంలో ఆకురాలు కాలపు వానకు కబురు పంపి రావడం తెలియదు.

"వంగింది చాలు, ఇంజిన్లు కప్పండి!" అని అరిచింది ఆమె.

ఇంజిన్ల మీద రెక్కలు కప్పి, ఆమె టెంట్ నిలబెట్టి, దాని గుమ్మానికి అతని టార్ప్ కట్టేసరికి ఇద్దరూ ముద్దయిపోయారు. ఆ టార్ప్ మూడు పక్కలా తడుస్తుందన్న మాట నిజమే. నాలుగో పక్క ఆమె టెంట్ ఉంది. ఆ పక్కన ఇద్దరూ ఇరుక్కుని కూర్చున్నారు.

"పదడుగులు లేవు," అన్నాడు షింగో, చాలా మెల్లగా.

"నోరు మూసుకో," అంది ఆమె. ఆ ఏకవచనం అతనికి వానలోనూ వెచ్చగా తగిలింది.

ఆమె స్టవ్ మీద నీళ్లు మరుగుతుండగా, నీలం సంచి తడుస్తోందని అతడు లోపలికి లాగబోయాడు. మూతి తెరుచుకుంది. అందులోంచి ఒక పెద్ద దిండు బయటపడింది. కదిపితే గరగరమంది. బక్‌వీట్ అనే ధాన్యపు పొట్టు నింపిన, ముత్తాతల కాలంనాటి దిండు.

కోతోహ మెడ దాకా ఎర్రబడింది. "అది లేకపోతే నాకు నిద్రపట్టదు."

"ఇది రెండు కిలోలుంటుంది."

"రెండున్నర."

"గాలి ఊదుకునే దిండు యాభై గ్రాములేనని నాకు అమ్మింది ఎవరు?"

"ఊరందరికీ అదే అమ్ముతాను," అంది ఆమె దిండులో మొహం దాచుకుని. "ఒక్కరాత్రి కూడా దానిమీద పడుకోలేదు. నువ్వు నన్ను మోసగత్తె అంటే అను."

"అనను. అనే మొహం నాకెక్కడుంది?"

దిండు వెనకనుంచి చిన్న నవ్వు వినిపించింది. తర్వాత ఆ నవ్వు ఆగింది.

"నాన్నకి ఎవరు చెబుతారు? నువ్వా, నేనా?"

"నేనే," అన్నాడు షింగో.

ఆమె తన చాప తీసి అతనివైపు తోసింది. "ఇసుక మెత్తగానే ఉంది, నాకు దిండు చాలు. తొంభై రెండు కిలోల మనిషికి బుడగల కాగితం అంటే, తెల్లారేదాకా టపటపలే."

మర్నాడు పొద్దున దగ్గరి ఊళ్లో పెట్రోలు కొని, ఆమె దగ్గరున్న ఆయిల్ కలిపి, నీలం సంచిని పార్సిల్లో పంపి, అసలు అంకెలతో లెక్కవేసుకుని ఇద్దరూ వెనక్కి ఎగిరారు. ఈసారి పక్కపక్కనే సాగారు.

తర్వాతి ఆదివారం నది ఒడ్డున క్లబ్బువాళ్లంతా చేమదుంపల పులుసు చుట్టూ చేరారు. దుంపల సంచి దించిన ధాన్యం కాటా ఖాళీగా ఉంది. షింగో బూట్లు విప్పి దాని మీద ఎక్కాడు.

ఆ కాటా మీద మనిషి నిలబడటం అక్కడెవరూ చూడలేదు.

"తొగాషి గారూ, చదవండి."

"దిగు అబ్బాయ్. మనం మనుషుల్ని తూయం."

"నేను చెప్పిన అంకె అబద్ధమండి. మీ కూతురి సంచి మోస్తూ, రెక్క మోయలేని బరువుతో ఎగిరాను. చదవండి."

తొగాషి గారు కళ్లద్దాలు పెట్టుకున్నాడు. "తొంభై రెండు," అన్నాడు. ఆయన మొహంలో నవ్వు లేదు. "ఆ సాయంత్రం ఇది తెలిసుంటే నిన్ను నేల వదలనిచ్చేవాణ్ణి కాదు. నువ్వు పడి ఉంటే నా మర్యాదే నిన్ను చంపినట్టయ్యేది."

షింగో కాటా దిగలేదు. దిగమనేదాకా నిలబడి ఉండాలని నిశ్చయించుకున్నాడు. ఒంట్లోని నెత్తురంతా చెవుల్లో ఉన్నట్టనిపించింది.

తొగాషి గారు షెడ్డులోకి వెళ్లి, వెలిసిపోయిన నారింజరంగు మూట ఒకటి తెచ్చి అతని కాళ్ల దగ్గర పడేశాడు.

"నా పాత రెక్క. నాకూ తొంభై దాటిన రోజులున్నాయి. కోతోహ అమ్మకి ఎనభై అనే చెప్పాను." ఆడవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. "ఒక నెల గాల్లోకి లేవొద్దు. నెల తర్వాత దీంతో లే. ఇవాళ్టినుంచి ఇక్కడ మనుషుల్నీ తూస్తాం. ముందు నన్ను."

"నాన్నా, తర్వాత నన్ను," అంటూ కోతోహ దిండు చంకన పెట్టుకుని వరసలో నిలబడింది. "దీంతో కలిపి."

"అంటే ఆ నీలం సంచిలో..." తొగాషి గారు కూతుర్నీ, దిండునూ, షింగోనూ మార్చి మార్చి చూశాడు. చివరికి గరిటె అందుకున్నాడు. "మీ ఇద్దరూ ఇక వేరేవాళ్లతో ఎగరకండి. లోకానికి క్షేమం. అబ్బాయ్, దిగి పులుసు తిను. మిసో వేసిందే. ఏమైనా అభ్యంతరమా?"

"లేదండి," అన్నాడు షింగో. తిన్నాడు. బాగుంది. ఆ సంగతి సొంతవూళ్లో ఎవరికీ చెప్పకూడదని నిర్ణయించుకున్నాడు.

రెండో గిన్నె ఖాళీ అయ్యాక ఇంకొకటి అడగడానికి మొహమాటపడి, గిన్నెను ఒళ్లో దాచుకున్నాడు. కోతోహ దాన్ని లాక్కుని, అంచుదాకా నింపి ఇచ్చింది.

"తిను," అంది, అందరికీ వినబడేలా. "తొంభై రెండుకి చాలాలి కదా."

షింగో చెవులు మళ్లీ ఎర్రబడ్డాయి. కానీ ఈసారి తల వంచుకోలేదు, గిన్నె అందుకున్నాడు.