అరచేతి కాఫ్తాన్

వాన పెద్దదవుతుండగా ఆమె పాతవస్తువుల షాపులోకి వచ్చింది. తల మీది కండువా తడిసి నుదుటికి అంటుకుపోయింది. ఎవరినీ పలకరించకుండా నేరుగా అద్దాల బీరువా దగ్గరికి వెళ్ళి లోపలికి వేలు చూపించింది. అక్కడ బొమ్మకి తొడిగే కాఫ్తాన్, అరచేతి పొడవున్న పొడుగుచేతుల అంగీ, ఒకటి వేలాడుతోంది. చెర్రీ రంగు పట్టు మీద జరీ అంచు.

"ఇదెక్కడిదండీ?"

"వందేళ్ళ నాటిది. రాజుగారి కోటలో పిల్లల బొమ్మకి కుట్టింది." రోజూ చెప్పే మాటే కాబట్టి షాపులో పనిచేసే మున్సిఫ్ తలెత్తకుండానే చెప్పాడు.

"అబ్బో! అయితే నాకు నూట ఇరవై ఏళ్ళన్నమాట. దీన్ని పోయిన చలికాలం నేనే కుట్టాను."

మున్సిఫ్ తలెత్తాడు. లోపల చాపల మీద ఇద్దరు కస్టమర్లు పుదీనా టీ తాగుతున్నారు. వాళ్ళకి ఎదురుగా షాపు యజమాని హాజ్ అల్లాల్ కూర్చుని ఉన్నాడు. ఆయన మున్సిఫ్ మేనమామే.

"కాస్త మెల్లగా మాట్లాడండి."

"ఎందుకు? కోటలో పడుకున్నవాళ్ళు లేస్తారా?"

"ఋజువేంటి?"

"దాని ఎడమ చెయ్యి తిప్పి చూడండి. లోపలి మడతలో పట్టు చాలక ఇంకో ముక్క అతికాను. రంగు ఒక్క పిసరు ముదురు."

అతను భూతద్దం తీశాడు. చిటికెనవేలంత కూడా లేని ఆ అంగీ చేతిని జాగ్రత్తగా తిప్పాడు. అతుకు ఉంది. లోపలి కుట్టు పైకుట్టంత శుభ్రంగా ఉంది. వందేళ్ళ నాటిదన్న లేబుల్ రాసింది అతనే. అబద్ధమని తెలిసి రాయలేదు. మొరాకోలోని ఆ ఫెజ్ పాతబస్తీలో పాత బట్టను తనంతగా గుర్తుపట్టేవాడు లేడనుకున్నాడు. సిగ్గేసింది.

"దళారీ నాకు సంచీడు పిండికి సరిపడా డబ్బులిచ్చాడు. మీరెంతకి అమ్ముకుంటారో నాకక్కర్లేదు. ఆ లేబుల్ మాత్రం తీసెయ్యండి. నేనింకా బతికే ఉన్నాను," అని ఆమె వానలోకి వెళ్ళిపోయింది.

ఆమె పేరు బతూల్. అమ్మమ్మ రఖియాతో కలిసి ఓ ఇరుకు సందు చివర ఉంటుంది. ఆ సందులో గోడలు ఒకదాని మీద ఒకటి పడకుండా అడ్డంగా దూలాలు బిగించి ఉన్నాయి. మర్నాడే మున్సిఫ్ దళారీని అడిగి ఇల్లు తెలుసుకుని, వాటి కింద నుంచి వంగి వంగి వెళ్ళి తలుపు తట్టాడు.

"లేబుల్ తీసేశాను," అన్నాడు, తలుపు తీసిన బతూల్‌తో.

"అది చెప్పడానికి ఇంత దూరం వచ్చారా? సందు మొదట్లో పిల్లవాడితో కబురు పంపితే సరిపోయేది."

"ఇంకోటి కుడతారేమో అడుగుదామని. ఈసారి మీ పేరుతోనే అమ్ముతాం."

అలా మొదలయ్యాయి రాకపోకలు. పట్టు తెచ్చానని ఒకసారి, జరీ సరిపోయిందా అని ఒకసారి, ఏమీ తేకుండా ఒకసారి. చూపు మందగించిన రఖియా గ్లాసులో టీ పోస్తూ ఓ రోజు అడిగేసింది.

"బాబూ, నీకు నచ్చింది మా టీయా, మా పిల్లా?"

మున్సిఫ్ నాలుక కాల్చుకున్నాడు. బతూల్ తలవంచి కుట్టుకుంటూనే ఉంది కానీ సూది మాత్రం కదల్లేదు.

షాపులో పరిస్థితి వేరు. బతూల్ పేరు రాసిపెట్టిన కాఫ్తాన్లకు పాతవాటి ధరలో సగం కూడా పలకలేదు. హాజ్ అల్లాల్ మండిపడ్డాడు. "ఒరే, పనితనం ఒక్కటే చాలదురా. సరుకు సులువుగా దొరక్కూడదు! బతికున్న చేతికి రేటు రాదు. రేపు ఇంకోటి కుడుతుందిగా!"

మున్సిఫ్ ఆ మాట బతూల్‌తో చెప్పాడు.

"అయితే ఏం చెయ్యమంటావు, చచ్చిపోనా?" అని నవ్వింది.

"ఏడాదికి రెండే కుట్టు. అప్పుడు వాళ్ళే వెతుక్కుంటూ వస్తారు."

"ఏడాదికి రెండుసార్లే ఆకలెయ్యమని మా అమ్మమ్మ కడుపుతో నువ్వే చెప్పు."

ఆమె నవ్వితే ఎడమ బుగ్గ మీద చిన్న గుంట పడుతుంది. మున్సిఫ్ చెప్పాల్సిన మాట గొంతు దాకా వచ్చింది. ఈ వానలు తగ్గాక, రఖియా ముందే అడుగుదాంలే అనుకున్నాడు.

వానలు తగ్గలేదు. ఓ శుక్రవారం మధ్యాహ్నం, జనం నమాజు నుంచి వచ్చి కుస్‌కుస్ తింటున్న వేళ, నాని నాని ఉన్న గోడ ఒక్కసారిగా కూలింది. మున్సిఫ్ పరుగెత్తుకొచ్చేసరికి సందు నిండా మట్టి. మగవాళ్ళు చేతులతో తవ్వుతున్నారు. అతనూ తవ్వాడు. రఖియాను శవంగా బయటికి తీశారు. బతూల్ బతికి ఉంది. ఆమె కుడిచెయ్యి దూలం కింద ఉంది.

డాక్టర్లు బొటనవేలూ పక్కనున్న రెండు వేళ్ళూ తీసేశారు.

హాజ్ అల్లాల్ చెడ్డవాడు కాదు. ముసలామె జనాజాను కొంతదూరం భుజాన మోశాడు. సమాధి దగ్గర కళ్ళు తుడుచుకున్నాడు. సాయంత్రం కాసాబ్లాంకాలో బొమ్మబట్టలు సేకరించే ఓ పెద్దమనిషికి ఫోన్ చేశాడు.

"ఇక కుట్టదు సార్. ఉన్నవే ఉన్నాయి... అయ్యో, పాపం, అవును... మీరు చెప్పిన రేటు నిరుటి మాట."

మున్సిఫ్ తాళంచెవులు బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు. మళ్ళీ ఆ షాపు మెట్లెక్కలేదు.

ఆసుపత్రిలో బతూల్ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. కుడిచెయ్యి దుప్పటి కింద ఉంది.

"రేటు పెరిగిందా?" అని అడిగింది.

అతను దుప్పటి అంచు సర్దాడు.

"చెప్పు. పెరిగే ఉంటుంది. మీ మామయ్య అన్నదే కదా."

"నాలుగింతలు."

"చూశావా! మా అమ్మమ్మ బతికుండగా మంచి పిండి కూడా కొనలేకపోయాను."

అప్పుడన్నాడు అతను, అనకూడని చోట, అనకూడని వేళ. "బతూల్, నిన్ను పెళ్ళి చేసుకోవాలనుంది."

ఆమె ఇటు తిరిగింది. కళ్ళలో తడి లేదు.

"ఇప్పుడా? ఇన్నాళ్ళూ ఎదురుగానే ఉన్నాగా! నీకు కూడా నేను ఇప్పుడే అపురూపమయ్యానా? వెళ్ళు, మున్సిఫ్."

అతను వెళ్ళాడు. సందులోకి తిరిగొచ్చి, మట్టికుప్పలో మిగిలినవి ఏరాడు. ఒక గిన్నె, రఖియా జపమాల, సగం కుట్టిన నీలం కాఫ్తాన్. వాటిని బతూల్‌కి చోటిస్తానన్న పొరుగావిడ తామో ఇంట్లో పెట్టి వచ్చాడు. పొట్టకూటికి తోళ్ళ గోదాములో చేరాడు.

బతూల్ ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ ఇంటి గుమ్మంలో కూర్చునేది. కుడిచేతిని శాలువాలోంచి బయటికి తీసేది కాదు. తామోకు కూడా చూపించలేదు. రోజూ పని అయ్యాక మున్సిఫ్ వచ్చి కిందిమెట్టు మీద కూర్చునేవాడు. పెళ్ళి మాట ఎత్తలేదు. మొదట్లో ఆమె మొహం తిప్పుకునేది. ఓ రోజు ముక్కు మూసుకుంది.

"ఛీ, తోళ్ళ కంపు! చేతులన్నా కడుక్కుని రా."

మర్నాడు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుని, ఒక సూదీ పట్టుదారం తెచ్చాడు. "నేర్పు."

"నీకా? నీ చేతులు మేకల్ని పట్టడానికి పనికొస్తాయి."

"ముందు మేకని కుట్టడమే నేర్పు."

ఆమె నవ్వలేదు. కానీ ఎడమచేత్తో దారం చివర పట్టుకుంది. "ఇలా కాదు. లోపల్నించి. తిరగేస్తే సిగ్గుపడేలా ఉండకూడదు... అయ్యో, అది ముడా, కురుపా? విప్పు!"

ఆ తిట్లు విని తామో కూతుళ్ళు వచ్చి చూశారు. తర్వాత వాళ్ళూ సూదులు పట్టుకుని కూర్చున్నారు. ఎండాకాలం వచ్చేసరికి ఆ గుమ్మంలో చోటు చాలడం లేదు. పెద్దమ్మాయి కుట్టిన కాఫ్తాన్ చేతిని బతూల్ ఎండలో తిప్పి చాలాసేపు చూసింది. ఏమీ అనకుండా లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆమె ఏడవడం మున్సిఫ్‌కి బయటికి వినిపించింది. అమ్మమ్మ పోయాక అదే మొదటిసారి.

అలాంటి ఓ సాయంత్రం హాజ్ అల్లాల్ వచ్చాడు. గుమ్మంలో సూది పట్టుకుని కూర్చున్న మేనల్లుణ్ణి చూసి ఒక్క క్షణం ఆగాడు. తర్వాత బతూల్ ముందు కాగితం పరిచాడు.

"అమ్మా, అదృష్టం తలుపు తట్టింది. ఆ సగం కుట్టిన నీలందే కాసాబ్లాంకా ఆయనకి కావాలి. నీ చేతి చివరిది కదా! ఆ డబ్బుతో ఇల్లు కొనుక్కోవచ్చు. ఒక్కటే షరతు. ఈ పని ఇక ఎవరికీ నేర్పనని వేలిముద్ర వెయ్యాలి."

"వేలిముద్రా? ఏ వేలిదండీ, హాజ్?"

హాజ్ మొహం పాలిపోయింది.

"నేర్పితే విలువ పడిపోతుందమ్మా," అన్నాడు మెల్లగా. "నీ మంచికే చెబుతున్నా. మీ అమ్మమ్మ ఉంటే..."

"మా అమ్మమ్మ నేర్పబట్టే నాకొచ్చింది. ఆవిడకి వాళ్ళమ్మ నేర్పింది. ఇదే కాగితం మీద వాళ్ళు వేలిముద్ర వేసుంటే మీ బీరువా ఖాళీగా ఉండేది." బతూల్ కాగితాన్ని వెనక్కి నెట్టింది. "మీ దగ్గరున్నవి ఎంతకైనా అమ్ముకోండి. ఇది అమ్మను. వీళ్ళు పూర్తి చేస్తారు."

"ఎవరు, వీడా? వీడికి గుండీ కుట్టడం కూడా రాదు!"

"నిజమే. అందరిలోకీ మొద్దు మీ మేనల్లుడే."

హాజ్ అల్లాల్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వెళ్తూ మున్సిఫ్ భుజం మీద చెయ్యి వేసి తట్టి, సందులో నడిచి వెళ్ళిపోయాడు. అమ్మాయిలు సూదులు సర్దుకుని ఇంట్లోకి వెళ్ళారు.

బతూల్ అతని వైపు తిరిగింది. "కొనుక్కోబోయే ఇల్లూ పోయింది. చూశావుగా."

"చూశాను."

"వేళ్ళు లేవు. ఇల్లు లేదు. రేపు ఈ పిల్లలందరూ కుడతారు, నా పేరు కూడా మిగలదు."

"ఊఁ."

"ఊఁ ఏంటి? ఆసుపత్రిలో ఏదో అన్నావు కదా. ఇప్పుడు అనవేం?"

మున్సిఫ్ సూది పక్కన పెట్టాడు. "పెళ్ళి చేసుకుందాం, బతూల్. ఆ వానల్లోనే అడిగి ఉండాల్సింది. రఖియమ్మ వినేది."

"అవును. వినేది." ఆమె కళ్ళు నిండాయి. "పెళ్ళయ్యాక కూడా నేను తిడతాను. అలవాటు చేసుకో."

శాలువా పక్కకు తొలగించి, ఎవరికీ చూపించని కుడిచేతిని తీసి అతని ఒడిలో పెట్టింది. రెండు వేళ్ళే మిగిలిన చెయ్యి. కుట్ల మచ్చలు ఇంకా ఎర్రగా ఉన్నాయి. మున్సిఫ్ దాన్ని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. చీకటి పడేదాకా ఆమె వెనక్కి తీసుకోలేదు.