ఆగింది చప్పుడే

"లైటు ఆరిపోయింది కదా, పెట్టె కూడా చల్లారిందనుకున్నాను," అన్నాడు భర్త. అతని చేతిలో తెల్ల చొక్కా. దాని వీపు మీద ఇస్త్రీపెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ.

"లైటు ఆరితే కాగాల్సినంత కాగిందని అర్థం. చల్లారిందని కాదు. పెళ్ళయి పద్నాలుగేళ్ళు. ఎన్నిసార్లు చెప్పాను?"

"అయితే ఆ లైటు దేనికట? మనుషుల్ని మోసం చెయ్యడానికా?"

"వాణ్ణేమీ అనకమ్మా," అన్నారు అత్తగారు పేపరు దించకుండానే. "పొయ్యి ఆర్పేశాను కదా అని పాలగిన్నె వట్టిచేత్తో దించిన ఘనుడు వీడు. పెంచినదాన్ని, తప్పు నాది."

ఆమె నవ్వు ఆపుకుంటూ చెప్పులేసుకుంది. స్కానింగ్ సెంటర్లో టెక్నీషియన్ అని ఇంట్లో అందరికీ తెలుసు. అది నిజమే. కాకపోతే సగమే నిజం. మిగతా సగం తెలిసిన ఆఫీసులో ఆమె కోడ్ నేమ్ 'వదిన'.

పదకొండు నెలల క్రితం ఆ ఆఫీసులో పెద్దాయన ఫైలు కూడా తెరవకుండా పని అప్పజెప్పాడు.

"గుండెనీ మెదడునీ కలిపి తీసే కొత్త స్కాన్. గుండెలో పుట్టిన గడ్డ మెదడుకు చేరకముందే పట్టేస్తుంది. మంచిదే కదా?"

"మంచిదే సార్."

"అదే ప్రోగ్రామ్‌తో మనిషి నోరు విప్పకుండానే గుట్టు లాగొచ్చని ఒక విదేశీ ముఠా కనిపెట్టింది. తెలిసిన మొహం కనిపిస్తే మెదడులో ఒక చోట వెలుగుతుంది. గుండె ఉలిక్కిపడుతుంది. ప్రోగ్రామ్ రాసిన ఇంజనీరు ఈ పాపం నావల్ల కాదని పారిపోయి మన దగ్గరికొచ్చాడు. మొహం మార్పించి దాచాం. దొరికితే బతకనివ్వరు. ఆ కొత్త మొహం తెలిసేది ఇద్దరికే. నాకూ, ఇకమీదట నీకూ."

"ముఠా పేరు?"

"నత్త. నెమ్మదిగా పాకుతుంది. ఆ సెంటర్లో వాళ్ళ మనిషి ఒకడున్నాడు. ఎవరో కనుక్కో."

ఆ ఒకడెవరో ఈ ఉదయందాకా తెలియలేదు.

సెంటర్‌కు సెలవు. అయినా గుండె డాక్టరు ఫోన్ చేసి రమ్మన్నాడు. నర్సులు అతన్ని చాటుగా 'హీరోగారు' అంటారు. సినిమా పోస్టర్ మీంచి దిగొచ్చినట్టుంటాడు. మూడు నెలల క్రితం ముఠా గురించి తనంతట తానే వచ్చి పెద్దాయనకు చెప్పి, ఆఫీసుకు నమ్మినబంటు అయ్యాడు. ఆమె ఎవరో కూడా అక్కడే తెలుసుకున్నాడు.

"కొత్త సాఫ్ట్‌వేర్ టెస్ట్ చెయ్యాలి. పేషెంట్లు లేరు. మీరే కాసేపు పడుకోవాలి," అన్నాడు.

టెక్నీషియన్లు అలా పడుకోవడం మామూలే. కాదనడానికి కారణమేమీ కనిపించలేదు. నగలు, వాచీ, పిన్నులు ట్రేలో పెట్టి బల్ల మీద పడుకుంది. ఛాతీకి గుండె లయ చూసే వైర్లు అంటించాడు. కదలకుండా నడుముకూ మణికట్లకూ పట్టీలు వేశాడు. తలకు ప్లాస్టిక్ బోను బిగించాడు. చివరగా, భయమేస్తే నొక్కడానికి పేషెంట్లకిచ్చే రబ్బరు బంతిని కుడి అరచేతిలో పెట్టాడు. బల్ల మిషన్ సొరంగంలోకి జరిగింది.

ముక్కుకి జానెడు ఎత్తులో తెల్లటి కప్పు. భుజాలకు రెండు పక్కలా గోడలు. రోజుకు పాతికమందిని ఇందులోకి తోసి "ఏమీ కాదు" అని చెప్పే నోరు ఆమెది. ఏమవుతుందో ఇప్పుడు తెలిసింది. ఊపిరి కప్పుకు తగిలి మళ్ళీ మొహం మీదికే వస్తోంది.

మిషన్ దడదడలాడటం మొదలుపెట్టింది. కళ్ళపైని చిన్న అద్దంలో ఒక ఫొటో కనిపించింది. ఎవరో బట్టతల మనిషి. తర్వాత ఇంకొకడు. మూడో వాడు.

నాలుగో ఫొటో ఇంజనీరుది.

గుండె ఒక్కసారి ఎగిరిపడింది. ఆపుకోవడానికి అది ఆమె చేతిలో లేదు.

"నాలుగు. మాకు అనుమానమున్న ఆరుగురిలో నాలుగోవాడే ఇంజనీరు," అంది స్పీకరులో డాక్టరు గొంతు. "నోరు అబద్ధమాడొచ్చు చెల్లెమ్మా, గుండె ఆడలేదు. ముఠా నా మాట నమ్మదు, స్కాన్ చూపిస్తేనే నమ్ముతుంది. ఇంకో రౌండ్ చూసుకుని పంపిస్తా. ఊపిరి బిగబట్టండి. కదలకండి."

అదే చిన్న అద్దంలో, కాళ్ళవైపున్న గాజు గోడ వెనక, డాక్టరు పక్కన ఒక కండలరాయుడు నిలబడి ఉన్నాడు. నడుముకి పిస్టల్.

అరిచినా వినేవాళ్ళు లేరు. గదికి రాగిరేకు గోడలు. ఫోన్ సిగ్నల్ కూడా లోపలికి రాదు, బయటికి పోదు. చెమట చెవిలోకి కారింది. తుడుచుకోవడానికి చెయ్యి లేదు.

ఇంజనీరు ఒకసారి అన్న మాట గుర్తొచ్చింది. "గుర్తుపట్టకుండా మెదడును ఆపలేమమ్మా. కానీ అందర్నీ గుర్తుపట్టేలా చెయ్యొచ్చు."

రెండో రౌండ్ మొదలైంది. బట్టతల మనిషికి ఆమె మనసులో మాడిన చొక్కా తొడిగింది. 'లైటు ఆరితే చల్లారినట్టా?' అని వాణ్ణి చెడామడా తిట్టింది. రెండోవాడికీ అదే చొక్కా, అవే తిట్లు. ఆరుగురూ ఆమెకు మొగుళ్ళయిపోయారు.

చప్పుడు ఆగింది.

"ఏంటిది? అన్నీ వెలిగాయి," అని గొణిగాడు డాక్టరు. "సరే, మొదటిదే పంపిస్తా. సర్వర్ గదిలో ఉంటాను. నువ్వు దీన్ని చూస్తుండు."

డాక్టరు వెళ్ళిపోయాడు. ఆమె వేళ్ళు ముడుచుకున్నాయి. అరచేతిలో మెత్తగా ఏదో తగిలింది.

రబ్బరు బంతి! బందీకి ఎవరైనా బంతి ఇస్తారా? ఇరవయ్యేళ్ళుగా ప్రతి పేషెంటుకూ ఇచ్చిన డాక్టరు చెయ్యి, ఆలోచించకుండానే ఇచ్చేసింది.

నొక్కింది. బయట అలారం కీచుమంది. వదిలి మళ్ళీ నొక్కింది. మళ్ళీ, మళ్ళీ.

"ఏయ్! ఆపు!" కండలరాయుడు అద్దం మీద బాదాడు. ఆమె ఆపలేదు. చప్పుళ్ళు చేసే మిషను ఎలాగూ ఆగిపోయిందనుకుని, తలుపు తోసి పిస్టల్ దూస్తూ లోపలికొచ్చాడు.

ఆ పిస్టల్ తన కాళ్ళవైపే వస్తుందని ఆమెకు తెలుసు. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుంది.

నాలుగడుగుల దూరంలో ఎవరో చెయ్యి పట్టి లాగినట్టు కండలరాయుడు ముందుకు తూలాడు. ధన్‌మని పిస్టల్ సొరంగం అంచుకు కరుచుకుంది. మధ్యలో అతని వేళ్ళు. గది అదిరేలా కేకపెట్టాడు.

"ఆపెయ్! మిషన్ ఆపెయ్!"

"ఇది ఆగదు. ఇందులోది అయస్కాంతం, రాత్రీపగలూ పనిచేస్తూనే ఉంటుంది. ఇందాక ఆగింది చప్పుడే," అంది ఆమె. "చెయ్యి కావాలా? ఎడం చేత్తో ఆ పక్క బటన్ నొక్కు. బల్ల జరిగి నా తల బయటికొచ్చాక బోను తియ్యి, పట్టీలు ఊడదియ్యి. తర్వాత నీ సంగతి చూస్తా."

ఏడుస్తూనే చెప్పినట్టల్లా చేశాడు. ఆమె వైర్లు పీకేసి తలుపు వెనక నిలబడింది.

కేకలకు డాక్టరు పరిగెత్తుకొచ్చాడు. గుమ్మం దగ్గర ఆగాడు. అంత హడావిడిలోనూ వాచీ, తాళాలు, ఫోన్, కోటు జేబులోని చిన్న పిస్టల్ తీసి ట్రేలో పెట్టి మరీ లోపలికి అడుగేశాడు. మంచి డాక్టరు.

ఆమె అతని వెనకనుంచి బయటికి జారి, తలుపు మూసి గడియపెట్టింది. సర్వర్ గదిలోకి పరిగెత్తింది. తెర మీద ఆకుపచ్చ గీత. తొంభై ఆరు శాతం. తొంభై ఎనిమిది. కేబుల్ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. తెర నల్లబడింది.

పెద్దాయనకు ఫోన్ చేసింది. "రిపోర్టులు రెడీ సార్. బండి పంపండి."

"ఎంతమందికి?"

"ఇద్దరికి. ఒకరికి చెయ్యి బాలేదు."

"వదినా... నువ్వు బాగున్నావా?"

"బాగున్నాను సార్. ఒక్క కిటికీ అయినా ఉన్న గది ఇప్పించండి, కాసేపు కూర్చుంటాను."

ఆమె తిరిగొచ్చేసరికి గాజు గోడ అవతల డాక్టరు తలుపు బాదుతున్నాడు. "చెల్లెమ్మా, మాట్లాడుకుందాం!"

ఆమె మైకు నొక్కింది. ఆ మాటలు రోజూ చెప్పేవే. "ఊపిరి బిగబట్టండి. కదలకండి."

రాత్రి భోజనాల దగ్గర తలుపులూ కిటికీలూ బార్లా తెరిపించింది. దోమలొస్తాయని అత్తగారు సణిగినా వినలేదు. మణికట్టు మీది పట్టీ గుర్తు కనిపించకుండా కొంగు కప్పుకుంది.

"ఇంకా కోపమేనా?" భర్త మెల్లగా అడిగాడు.

"కోపం కాదు, నిర్ణయం," అందామె అన్నం వడ్డిస్తూ. "రేపట్నుంచి నీ చొక్కాలు నువ్వే ఇస్త్రీ చేసుకోవాలి. రోజూ, నా ఎదురుగా."

"ఒక్క చొక్కాకి ఇంత శిక్షా?"

"శిక్ష కాదు, శిక్షణ. లైటు ఆరితే చల్లారిందనుకునే మగవాళ్ళకి బయట చేతులు మిగలడం లేదు."

అత్తగారు పెరుగు గిన్నె కొడుకు వైపు జరిపారు. "వాడికి మసిగుడ్డ కూడా ఇవ్వమ్మా," అన్నారు.