వెలుగు తీగలో చావు

గోడకున్న తెల్ల ఇంటర్నెట్ బాక్సులో పచ్చ లైటు ఒక్కసారి ఆరి, మళ్లీ వెలిగింది. గోపి కంచం పక్కన పెట్టి లేచి, దాని దగ్గరికి వెళ్లాడు. అదే అతను చేసిన ఆఖరి పని.

పేలుడుకు అయిజ బజార్లో పత్తి విత్తనాల దుకాణాల వాళ్లంతా రోడ్డు మీదికి వచ్చేశారు. వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తున్న గోపి భార్య ఎంకమ్మ లోపలికి పరిగెత్తింది. గది నిండా పొగ. గోడ సగం కూలిపోయింది. ఆమె భర్తను చొక్కా చూసి గుర్తుపట్టింది.

వీధిలో వాళ్లకు గోపి పాలపిట్ట ఫైబర్ అనే ఇంటర్నెట్ కంపెనీ మెకానిక్. అతను ఆ కంపెనీ మీద నిఘాకు వచ్చిన సీక్రెట్ ఏజెంట్ అని ఎంకమ్మకు కూడా తెలియదు.

మర్నాడు ఉదయం వనపర్తిలో, ఒక పల్లీల మిల్లు వెనక గదిలో డిపార్ట్‌మెంట్ చీఫ్ జములమ్మ ఏజెంట్ ఉదయ్ కిరణ్‌ను కూర్చోబెట్టింది. ఉదయ్‌ది నాగర్‌కర్నూల్. గోపీ అతనూ ఒకే బ్యాచ్‌లో ట్రైనింగ్ అయ్యారు. రాత్రంతా నిద్రలేక అతని కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

బాక్సు లోపల ప్లాస్టిక్ ఎక్స్‌ప్లోజివ్ పెట్టారని, దాన్ని పేల్చే ఆర్డర్ ఇంటర్నెట్ తీగలోంచే వచ్చిందని జములమ్మ చెప్పింది. కంపెనీ ఎక్స్చేంజి గదిలోంచి, డేటాను వెలుగుగా మోసే ఒక ఫైబర్ తీగ బయల్దేరుతుంది. స్తంభం మీదున్న చిన్న స్ప్లిటర్ దానిలోని వెలుగును ముప్పై రెండిళ్లకు పంచుతుంది. అందరికీ వెళ్లేది ఒకే వెలుగు. అందులోని ప్రతి డేటా ముక్క మీదా ఏదో ఒక బాక్సు నంబరు ఉంటుంది. ప్రతి బాక్సూ తన నంబరున్నదే తీసుకుని మిగతాది వదిలేస్తుంది.

"వెలుగు అందరిండ్లకు పోతది. పేలేది మాత్రం ఒక్కటే," అంది జములమ్మ. "గోపి పక్కింట్ల గోడకు పగులు గూడ రాలే."

ఇది కోర్సాక్ ముఠా పని. కోర్సాక్ దేశదేశాలకు దొంగ ఆయుధాలు అమ్మేవాడు. ఇప్పుడు విదేశంలో జైల్లో ఉన్నాడు. అతను స్వయంగా ఇద్దర్ని కాల్చి చంపడం చూసి, బతికున్న మనిషి ఒక్కడే. బల్మూర్ నుంచి వలసపోయి అక్కడ కారు డ్రైవర్‌గా పనిచేసిన సామ్యూల్. ఆ రోజు పదకొండింటికి సామ్యూల్ పాన్‌గల్‌లో దాచిన ఇంటి నుంచి వీడియోలో ఆ దేశపు కోర్టుకు సాక్ష్యం చెప్పాలి. చెప్పకపోతే సాయంత్రానికి కోర్సాక్ బయటికి వచ్చేస్తాడు.

గద్వాలలో రేణుకను కలవమంది జములమ్మ. ఆమె ముఠాకు మన కబుర్లు మోస్తుంది, మనకు ముఠా కబుర్లు మోస్తుంది.

"ఆమెను నమ్మొచ్చా మేడం?" అన్నాడు ఉదయ్.

"గోపి నమ్మిండు," అంది జములమ్మ.

ఉదయ్ విత్తనాల కంపెనీ ఏజెంటు వేషం వేశాడు. తెల్ల చొక్కా, చంకలో శాంపిల్ సంచి. సంచిలో పత్తి గింజల కింద సైలెన్సర్ బిగించిన పిస్టల్, బెల్టు బకిల్‌లో చుట్టి దాచిన సన్నని ఉక్కు తీగ.

గద్వాల చీరల షోరూమ్‌లో రేణుక ముదురు ఎరుపు పట్టుచీరలో, విదేశీ సెంటు వాసనతో, సినిమా పోస్టర్‌లోంచి దిగినట్టు నిలబడి ఉంది. పైకి ఆమె చీరల ఎక్స్‌పోర్టర్.

"జరీ మాసిందా?" అన్నాడు ఉదయ్.

"కడిగితే మెరుస్తది," అంటూ కోడ్ పూర్తి చేసి, ఆమె అతన్ని వెనక గదిలోకి తీసుకుపోయింది. తలుపు వేయగానే ఆమె ముఖంలో మెరుపంతా పోయింది.

నిన్న పాన్‌గల్‌లో ఒక వీధి మొత్తానికి ఫ్రీ అప్‌గ్రేడ్ పేరుతో బాక్సులు మార్చారని ఆమె గబగబా చెప్పింది. ముఠాకు వీధి తెలిసింది గానీ ఇల్లు తెలియదు. అది తెలిపేది సామ్యూల్ సాక్ష్యమే. ఆ ముప్పై రెండిళ్లలో ఏ బాక్సు నుంచి వీడియో ఆగకుండా విదేశానికి వెళ్తుందో ఎక్స్చేంజిలో కనిపిస్తుంది. వెంటనే ఆ నంబరుకు ఆర్డర్ పోతుంది.

"ఎక్స్చేంజిల కరెంటు తీసేస్తే?" అన్నాడు ఉదయ్.

"వెలుగు ఆగిన క్షణమే ముప్పై రెండూ పేల్తయి. ఎవ్వరూ అడ్డం రావొద్దని గట్ల చేసిన్రు."

గడియారం పదకొండు దాటింది. ఉదయ్ సామ్యూల్ గార్డు శ్రవణ్ కుమార్‌కు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. సాక్ష్యం గదిలోకి ఫోన్లు రాకూడదని కోర్టు షరతు. జములమ్మ వనపర్తి నుంచి జీపులు పంపింది గానీ అవి పాన్‌గల్ చేరేసరికి అంతా అయిపోతుంది.

రేణుక తన కారులో అతన్ని కోట వెనక వీధిలో ఉన్న కంపెనీ ఎక్స్చేంజికి తీసుకెళ్లింది. కారు ఆపి స్టీరింగ్ వదలకుండా అంది.

"దిగేముందు ఒకటి చెప్తా. గోపి పేరు కంపెనీ మేనేజర్ సతీష్‌కు చెప్పింది నేనే. వాళ్లకు నామీద అనుమానమొచ్చింది. ఒక పేరియ్యకుంటే నన్ను చంపుతుండిరి. నేను సస్తే ఇయ్యాల నిన్ను లోపలికి తీస్కపోయేటోళ్లు లేరు."

ఉదయ్ చెయ్యి సంచిలోకి వెళ్లి పిస్టల్ మీద ఆగింది. ఆమె అతని వైపు తిరగలేదు. అతనికి రాత్రి అయిజలో తను చూసిన, మిరపకాయల మధ్య కూలబడ్డ ఎంకమ్మ గుర్తొచ్చింది.

"నడువు," అన్నాడు.

ఎక్స్చేంజి మెట్ల దగ్గర కాపలావాడు రేణుకను చూసి నవ్వుతూ పక్కకు జరిగాడు. ఆమె దాటగానే ఉదయ్ వెనక నుంచి వాడి మెడకు ఉక్కు తీగ వేసి బిగించాడు. వాడు కాళ్లు తన్నుకున్నాడు, గోళ్లతో ఉదయ్ చేతులు చీరేశాడు. తీగ చర్మంలోకి దిగాక గానీ కదలిక ఆగలేదు. మెట్ల పైనుంచి రెండోవాడు కత్తి దూసి దూకాడు. కత్తి ఉదయ్ భుజంలో దిగింది. అతను ఆ చేతినే పట్టి మెలిపెట్టాడు, ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. రెండు గుండ్లు ఛాతీలో దింపాడు. సైలెన్సర్ దగ్గినట్టు శబ్దం చేసింది.

పై గదిలో బీరువాల్లాంటి మెషీన్లు గుయ్యిమంటున్నాయి. స్క్రీన్ ముందు కంపెనీ నెట్‌వర్క్ మేనేజర్ సతీష్ కూర్చున్నాడు. వాడి మోచేతి దగ్గర టేబుల్ మీద, పాన్‌గల్‌లో బిగించిన లాంటి బాక్సే ఇంకొకటి తీగతో వెలుగుతోంది. ఆర్డర్లు పోతున్నాయో లేదో పరీక్షించే టెస్ట్ బాక్సు. పేలుడు మందుతో సహా.

స్క్రీన్ మీద ముప్పై రెండు గీతల్లో ఒకటి మాత్రం నిటారుగా లేచి ఉంది. సామ్యూల్ మాట్లాడుతున్నాడు.

సతీష్ తల తిప్పి చూశాడు. చేతిలో పిస్టల్ లేచింది. ఇద్దరూ ఒకేసారి కాల్చారు. ఉదయ్ చెవి తమ్మె ఎగిరిపోయింది. సతీష్ కడుపు పట్టుకుని కుర్చీతో సహా పడ్డాడు. పడుతూ పడుతూ కీబోర్డు మీద అరచేత్తో కొట్టాడు.

స్క్రీన్ మీద అంకెలు వెనక్కి నడవడం మొదలైంది. ముప్పై. ఇరవై తొమ్మిది.

"ఇగ ఆగది," అన్నాడు సతీష్ నోట్లోంచి రక్తం కారుతుంటే. "ఎవ్వనితోటీ కాదు."

అది నిజమేనంది రేణుక. ఆపడానికి బటన్ లేదు. కానీ ఆర్డర్ ఇంకా గదిలోనే ఉంది, పోవాల్సిన నంబరు మార్చవచ్చు. ఉదయ్ కీబోర్డు లాక్కున్నాడు. వేళ్ల మీది రక్తానికి మీటలు జారుతున్నాయి. రేణుక టెస్ట్ బాక్సు తిప్పి, అట్టడుగున ముద్రించిన నంబరు బిగ్గరగా చదివింది. ఒక అంకె తప్పు పడింది. చెరిపి మళ్లీ కొట్టాడు. ఎనిమిది. ఏడు. పాత నంబరు పోయి కొత్తది పడింది.

"ఉరుకు," అంటూ ఆమెను తలుపు వైపు తోశాడు.

సతీష్ వాళ్లను చూడలేదు. టేబుల్ కాలు పట్టుకుని లేచి, పాన్‌గల్ నంబరు మళ్లీ కొట్టబోయాడు. బాక్సులో పచ్చ లైటు ఒక్కసారి ఆరి, వెలిగింది.

పేలుడు తలుపును పెరికి ఉదయ్ వీపు మీద వేసింది. మెట్ల కింద అతను కళ్లు తెరిచేసరికి చెవుల్లో హోరు. పైన టేబుల్ లేదు, సతీష్ లేడు. గోడ పక్కన మెషీన్లు మాత్రం గుయ్యిమంటూ పాన్‌గల్‌కు వెలుగు పంపుతూనే ఉన్నాయి.

రేణుక గోడకు ఆనుకుని కూర్చుంది. ఎరుపు చీర సగం కాలిపోయింది. ఉదయ్ జేబులోంచి బేడీలు తీశాడు. ఆమె రెండు చేతులూ ముందుకు చాచింది.

"సామ్యూల్ బతికినట్టేనా?"

"బతికిండు."

"గోపి ఇంటామెకు నా పేరు చెప్తవా?"

"చెప్తా," అని బేడీలు వేశాడు.

సామ్యూల్ కోర్సాక్ ముఖాన్ని గుర్తుపట్టి, ఆ రెండు హత్యలూ మొదటి నుంచి చివరిదాకా చెప్పేశాడు. ఆ సాయంత్రం కోర్సాక్ బయటికి రాలేదు. బాంబు స్క్వాడ్ కారణం చెప్పకుండా ఒక్కొక్క ఇంటిని ఖాళీ చేయించి బాక్సుల్లో మందు తీసేసింది.

మర్నాడు భుజానికి కుట్లతో, చెవికి కట్టుతో ఉదయ్ పాన్‌గల్ వెళ్లాడు. నిన్న సాక్ష్యం మధ్యలో ఏమన్నా ఇబ్బంది అయిందా అని అడిగాడు.

సామ్యూల్ గోడకున్న బాక్సు వైపు చెయ్యి చూపించాడు.

"నడుమ ఒక్క నిమిషం బొమ్మ ఆగింది సార్. మీకు కంపెనీల ఎవరన్న ఎరికుంటే జర గట్టిగ చెప్పున్రి, అక్కడ కూసున్నోడు పని సక్కగ చేస్తలేడు."