ఆదర్శాలెన్నో, అన్నో సీసా

"మన కోడ్‌లు విప్పే పెద్దాయన శనివారం వియన్నాలో గ్లాసు ఎత్తాడు. దించలేదు," అన్నాడు కర్నల్ దోరోగి. "రేపు దెబ్రెత్సెన్‌లో రెండో గ్లాసు. ఈసారి టార్గెట్ ఆయనకు లెక్కలు కట్టిచ్చే ప్రొఫెసర్ హెడ్విగ్."

ఏజెంట్ తెలెక్ కుర్చీలోంచి లేచాడు. హెడ్విగ్ నేని అతని పాత గురువు. నేని అంటే అక్కడ పెద్దమ్మ అన్న పిలుపు. క్లాసులో మాత్రం ఆవిడ 'ఇది సత్యమగునేని, అది అసత్యమగునేని' అని చంపుకుతినే నేని. ఆ నేనీలకు తట్టుకోలేకే గణితం వదిలి గూఢచర్యంలో దూకాడు తెలెక్. లెక్కల్లో దాక్కోలేనివాడు గోడల చాటున దాక్కున్నాడన్నమాట.

"ఆవిడ రిటైర్మెంట్ విందు. తలా ఒక సీసా, ఇంట్లో కాచిన సారా తెచ్చారు. కిటికీ గట్టు మీద పేర్చి సుద్దతో నంబర్లు వేశారు. ఒకదాంట్లో విషం ఎక్కింది. ఏది పోయాలో లోపలి మనిషికి పంపిన సందేశం మన చేతికి చిక్కింది. చదువు."

*x² + 11y². ఈ రూపం కన్న వలయంలో ఆదర్శాలు ఎన్ని తరగతులో, అన్నో సీసా.*

"ఇదేం తిట్టయ్యా?"

"లెక్క సార్. ఇలాంటి ప్రతి రూపం ఒక వలయాన్ని పుట్టిస్తుంది. అందులో ఆదర్శాలని సంఖ్యల గుంపులుంటాయి. ఒక గుంపును ఏదో సంఖ్యతో హెచ్చిస్తే ఇంకో గుంపు వచ్చిందనుకోండి, రెండూ ఒకే తరగతి."

"ఇరవై ఏళ్లుగా గూఢచారుల వలయాలు పడుతున్నాను. ఆదర్శాలున్న వలయం ఇదే మొదలు! సరే, ఆ సీసా చప్పుడు కాకుండా మార్చెయ్. ఎవరి మొహం వాడిందో చూడు. ఇదిగో కలం. విషంలో ముంచితే ఎర్రబడుతుంది."

మర్నాడు తెలెక్ పెట్టుడు గడ్డంతో, కొలోజ్‌వార్ నుంచి వచ్చిన అతిథి ప్రొఫెసర్ వేషంలో దిగాడు. మెట్ల దగ్గర పచ్చకోటు సుందరి ఎదురైంది.

"పొద్దుతిరుగుడు గింజలు ఉప్పగా ఉన్నాయా?"

"ఒలిస్తేగాని తెలీదు," అన్నాడు తెలెక్. కోడ్ కలిసింది.

ఆమె డాక్టర్ జోర్కా, ఈ ఊళ్లో తమ గూఢచారి సంస్థ మనిషి. విలోమం లేని ఆదర్శాల మీద థీసిస్ రాసి డాక్టరేట్ తీసుకుంది. ఆ ఆదర్శాలకు విలోమం లేదు, ఆ అందానికి విరామం లేదు.

"మూడు తరగతులు వచ్చాయి. సరిచూస్తారా?" అన్నాడు తెలెక్, కాగితం చాపుతూ.

ఆమె కాగితం వైపు చూడనైనా లేదు. "మూడే. మీలాంటివాళ్లు ఇక్కడే ఉండిపోవాల్సింది సార్."

ఆ మాటకు తెలెక్ ఛాతీ ఉబ్బింది, గడ్డం జిగురు ఊడింది. గురువు ముందు ఒక్కసారి గెలవాలన్న పాత దురద లేచింది. లెక్క ఉండగా కలం దేనికి? చప్పుడు చెయ్యొద్దన్న కర్నల్ మాట దేనికి?

కాఫీ గదిలో అందరూ గ్లాసులు పట్టుకున్నారు. తెలెక్ మూడో సీసా అందుకుని గచ్చు మీద ఫెడేల్మని కొట్టాడు.

"ఎవరూ కదలొద్దు! ఇందులో విషం ఉంది. తెచ్చిందెవరు?"

"నేనండీ," అన్నాడు పొచాయి అనే బక్కపలచని లెక్చరర్. మెడలో నేరేడురంగు టై. "విషమా? అది మా నాన్న కాచిన ఆఖరి కాపండీ. ఆప్రికాట్లు. ఆయన పోయాక చెట్టు కూడా పోయింది. నేనీ కోసమని దాచాను."

పొచాయి వంగి గాజుపెంకులు ఏరసాగాడు. తెలెక్ చెవులు కాలిపోతున్నాయి. ఆ పొచాయి మొహంలో భయం లేదు, దొంగతనం లేదు, ఏడుపు ఒక్కటే ఉంది.

జోర్కా మెత్తగా హెడ్విగ్ నేని గ్లాసు నింపింది. "మీరు కానివ్వండి నేనీ."

నేని గ్లాసెత్తి, ఆగింది. "మూడెందుకయ్యా?"

"x² + 11y² కి తరగతులు మూడు కదా..."

ఆవిడ పగలబడి నవ్వింది. "ఒరేయ్ తెలెక్! నువ్వట్రా! గడ్డం మార్చావు, తప్పు మార్చలేదు. పరీక్షలోనూ ఇదేగా రాశావు! 2x² + 2xy + 6y² తరగతి ఏదిరా? గుణకాలన్నీ సరిసంఖ్యలని గెంటేశావు. విలోమం లేనంత మాత్రాన అది ఆదర్శం కాదా? నాలుగురా సన్నాసీ, నాలుగు!"

అంటూనే గ్లాసు పెదవులకు ఆనించింది.

జోర్కా చేతిలో సీసా. సీసా మీద సుద్దతో 4.

తెలెక్ బల్ల మీదుగా ఎగిరాడు. గ్లాసు ఎగిరింది, గడ్డం ఎగిరింది, నేని కళ్లజోడు ఎగిరింది. ఒలికిన సారాలో కలం ముంచాడు. మందారంలా ఎర్రబడింది.

"అయ్యో, నేనూ మూడే అనుకున్నాను సార్!" అంది జోర్కా, తలుపు వైపు జరుగుతూ. "పొరపాటు ఎవరికైనా..."

"నాకు వస్తుంది, నేను ఫెయిలైనవాణ్ణి," అన్నాడు తెలెక్, ఆమె మణికట్టు పట్టుకుని. "మీకెలా వస్తుంది? నేను మర్చిపోయిన ఆ ఒక్కదాని మీదే కదా మీ థీసిస్! ఈ తప్పు నేను చేస్తే మొద్దుతనం. మీరు చేస్తే కుట్ర."

జోర్కా అందంగా నిట్టూర్చింది. "మిమ్మల్ని పంపారనగానే మావాళ్లు పండగ చేసుకున్నారు సార్. ఎందుకో తెలుసా? మీ మార్కులు చూశారు."

సంకెళ్ల చప్పుడు కన్నా ఆ మాటే పెద్దగా వినిపించింది.

తెలెక్ మోకాళ్ల మీద కూర్చుని పొచాయితో పాటు పెంకులు ఏరాడు. పొచాయి "పర్వాలేదండీ" అనలేదు. అనాల్సిన పని కూడా లేదు. గచ్చు మీంచి ఆప్రికాట్ల వాసన లేచి గదంతా నిండింది.

నెల తిరగకుండానే బుడాపెస్ట్‌లో సన్మానం జరిగింది. 'అసాధారణ గణిత ప్రజ్ఞతో ప్రాణం కాపాడినందుకు' అని చదివి కర్నల్ పతకం గుచ్చాడు. తెలెక్ తలెత్తలేదు. మొదటి వరసలో హెడ్విగ్ నేని, పక్కనే పొచాయి.

ఎంత వినయమో అని హాలంతా చప్పట్లు కొట్టింది, ఆ ఇద్దరు తప్ప.