ఎలుగు మెడలో తాడు

అసురసంధ్య వేళ...!

పొద్దు పూర్తిగా వాలనే లేదు. అయినా వెలుగు చచ్చిపోయింది. ఆకాశం నిండా కాటుక మేఘాలు. ఎక్కడో పిడుగు పడింది... ఫెళఫెళా! మూతబడ్డ కాగితాల గోదాము పైకప్పు మీద గుడ్లగూబ ఒకటి వేళ కాని వేళ కూసింది. కింద వీధిలో కుక్కలు మొరగలేదు. తోకలు ముడుచుకుని గోడల వార నక్కాయి. మొరిగే కుక్కతో భయం లేదు. మొరగని కుక్కను చూస్తేనే భయపడాలి.

గోదాము మేడ మీద ఒక గది. గదిలో ఒక బల్ల. బల్ల మీద... కపాలం!

మనిషిది కాదు. ఎలుగుబంటిది. పచ్చబడ్డ ఎముక. బొటనవేలంత కోరలు. రెండు ఖాళీ గుంతలు. ఆ గుంతల్లో పడిన దీపం వెలుగు మళ్లీ బయటికి రాదు. లోపలే ఉండిపోతుంది.

దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నవాడు బొగ్గు మాస్టారు. బొమ్మలు గీయడం నేర్పుతాడని పేరు. బొగ్గు పట్టీ పట్టీ వేళ్లు నల్లబడ్డాయని జనం అనుకునేవాళ్లు. బొగ్గే. కాని అది కాటి బొగ్గు...!

వయసులో ఉండగా వాడు అడవిలో ఉచ్చు పన్ని ఒక ఆడ ఎలుగును పట్టాడు. మెడకు తాడు వేసి ఊరూరా తిప్పాడు. కొట్టి ఆడించాడు. ఆకలికీ దెబ్బలకీ ఓర్చి ఓర్చి, ఆ తాడు చివరే అది ప్రాణం విడిచింది. పోయేముందు వాడి కళ్లలోకి చూసింది. ఆ చూపు చూసినవాడు ఇంకొకడైతే దాన్ని పాతిపెట్టి దండం పెట్టేవాడు. వీడు తల నరికి దాచుకున్నాడు. అంత పగ ఊరికే మట్టిలో కలిసిపోతే ఎలా? కపాలంలో బంధించి పనికి పెట్టుకోవాలి. అదీ వాడి దుర్బుద్ధి.

పగకు ఒళ్లు కావాలి. ఒళ్లు లేని పగ గాలితో సమానం. ఆ క్షుద్రవిద్యకు ఒక కట్టడి ఉంది. ఎలుగు రూపాన్ని ఎవరు గీస్తారో వాళ్ల ఒంట్లోకి అది దిగుతుంది. బొమ్మలో దాని మెడకు తాడు ఉండాలి. తాడు చివర మంత్రగాడి చేతిలో ఉండాలి. అప్పుడది వాడు పొమ్మన్న చోటికి పోతుంది, చంపమన్నవాణ్ణి చంపుతుంది. మరి గీసిన మనిషి...? ఒట్టి తొడుగు! లోపల మృగం, పైన మనిషి తోలు!

చెయ్యి తిరిగిన చిత్రకారులను రప్పించి గీయించాడు. కపాలం ఉలకలేదు, పలకలేదు. నేర్చిన చెయ్యి తన అలవాటును గీస్తుంది కాని ఎలుగును గీయదు. బొగ్గు ముక్క ఎన్నడూ పట్టని చెయ్యి కావాలి. చెప్పినట్టు వినే చెయ్యి కావాలి.

ఆ చెయ్యి సూదమ్మది.

సూదమ్మ ఆ వీధి చివర బట్టలు కుడుతుంది. మొగుడు పోయాడు. ఇంట్లో అత్త, ఆరేళ్ల కూతురు బుడ్డి. అంతే సంసారం. మాస్టారికి పొడుగు కోటు కుట్టింది ఆమే. కోటు తీసుకోవడానికి వచ్చిన రోజు వాడు బుడ్డి తల నిమిరాడు. ఆ సాయంత్రమే పిల్లకు ఒళ్లు కాలిపోయింది. డాక్టరు మందులు మార్చాడు. జ్వరం మారలేదు.

మాస్టారు మళ్లీ వచ్చాడు.

"పాప నిద్రలో ఎలుగు ఎలుగు అని అరుస్తోందా?"

"అవునండీ... మీకెలా తెలుసు?"

"దడుచుకున్న పిల్ల. తల్లి తన చేత్తో ఆ ఎలుగును గీసి పూర్తి చేస్తే దడుపు దిగుతుంది. జ్వరమూ దిగుతుంది."

"నాకు సబ్బుముక్కతో బట్ట మీద గీత గీయడమే వచ్చు మాస్టారూ. బొమ్మలు ఎక్కడొచ్చు?"

"రాకపోవడమే కావాలి" అన్నాడు వాడు. నవ్వాడు. ఆ నవ్వు కళ్లదాకా పోలేదు.

అలా మొదలైంది సూదమ్మ చదువు.

రోజూ సాయంత్రం కపాలం ముందు కూర్చోబెట్టేవాడు. మొదట మూడు గుండ్రాలు. భుజానికి పెద్దది, నడుముకు ఇంకొకటి, తలకు చిన్నది. వాటిని కలుపుతూ గీత. ఎలుగుకు మెడ దగ్గర మూపు ఎత్తుగా ఉండాలి. తల అనుకున్నదానికన్నా కిందికి వేలాడాలి. వెంట్రుక వెంట్రుకా గీయకూడదు. బొగ్గును పడుకోబెట్టి, బొచ్చు ఎటు పడుకుంటే అటు రుద్దాలి. బరువంతా పాదంలో చూపించాలి.

తొలిరోజు బొమ్మ ఇంటికి తెచ్చి అత్తకు చూపించింది.

"ఇదేంటే? దుప్పటి కప్పుకున్న గేదెలా ఉంది."

"ఎలుగుబంటి అత్తా."

"ఆ సంగతి దానికి తెలుసా?"

మంచం మీద బుడ్డి నవ్వింది. జ్వరం వచ్చాక అదే మొదటి నవ్వు. ఆ రాత్రి ఒళ్లు కాస్త చల్లబడింది. సూదమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. మాస్టారి మాట నిజమని నమ్మింది.

ఎర వేసినవాడికి తెలుసు, తాడు ఎంత వదలాలో...!

ఒకరోజు పిల్లను నవ్వించడానికి అత్తను నిలబెట్టి గీసింది. అత్త బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసింది.

"ముక్కు నాదే. ముడీ నాదే. చేతులేవే?"

"వెనక్కి పెట్టుకున్నావత్తా. చేతులు గీయడం నాకు రాదు. వేళ్లు గీస్తే అరటిగెలలా వస్తున్నాయి."

"నేను పుట్టి బుద్ధెరిగాక చేతులు వెనక పెట్టుకుని నిలబడ్డ రోజుందా? ఈ బొమ్మ చూసినవాడు, ముసలిది ఏదో దొంగిలించి దాచిందనుకుంటాడు. మీ మాస్టారిని అడుగు, నేర్పుతాడు."

"అడిగానత్తా. నీకు ఎలుగు చాలు అన్నాడు."

బొమ్మ రోజురోజుకీ కుదురుతోంది. జ్వరం రోజురోజుకీ తగ్గుతోంది. కాని... సూదమ్మ మారుతోంది!

అత్త ముందు వాసన పట్టింది. తడిసిన బొచ్చు వాసన. కోడలి దుప్పటి ఉతికినా పోలేదు. తర్వాత నడక. పాదాలు లోపలికి తిప్పి, బరువుగా, ఒళ్లు ఊపుతూ. మిషను తొక్కుతూ తొక్కుతూ హఠాత్తుగా ఆగి గాలిని వాసన చూసేది. గోళ్లు నల్లబడ్డాయి. కడిగితే పోయే నలుపు కాదు. ఒకనాడు నిద్రలో గొంతులోంచి శబ్దం వచ్చింది. గుర్‌ర్‌ర్...! అది ఆడమనిషి గొంతు కాదు. అసలు మనిషి గొంతే కాదు!

"ఇక వెళ్లకే" అంది అత్త.

"రేపటితో అయిపోతుందత్తా. పూర్తి చెయ్యకపోతే పాప దక్కదట."

"పూర్తి చేస్తే నువ్వు దక్కుతావా?"

ఆ సంగతి సూదమ్మకూ తెలుసు. తెలిసే వెళ్తోంది. మర్నాడు అత్త బుడ్డిని పక్కింటామెకు అప్పగించి, గొడుగు పట్టుకుని కోడలి వెనకే బయలుదేరింది.

అదే ఈ సంధ్య. ఇదే ఈ గది...!

అత్తను మెట్ల కిందే ఆపేశాడు మాస్టారు. మెట్ల తలుపుకు గడియ పడింది. నేల మీద బూడిదతో వలయం గీశాడు. బల్ల మీది కపాలాన్ని దించి మధ్యలో పెట్టాడు. దాని ముందు తెల్ల కాగితం పరిచిన పలక, సూదమ్మ. వాడు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. తాడు పడే ఈ చివరి బొమ్మ పూర్తి కాకముందు దాని మీద వాడి చూపు పడకూడదు. పడితే ఆ పగ వాడి కళ్లలోకే దూకుతుంది. అదీ కట్టడే.

"మొదలుపెట్టు" అన్నాడు. మంత్రం అందుకున్నాడు. అర్థంకాని బీజాక్షరాలు గదిలో గబ్బిలాల్లా కొట్టుకున్నాయి.

బొగ్గు కదిలింది. మూడు గుండ్రాలు... మూపు... వేలాడే తల... సూదమ్మ గీయడం లేదు. ఆమె చేత ఏదో గీయిస్తోంది! కళ్లు పైకి తేలిపోయాయి. పెదవుల మీద నురుగు. నల్లని బొచ్చు కాగితం మీద పొరలు పొరలుగా మొలిచింది. గాలి లేకుండానే ఆ బొచ్చు కదిలింది...!

"తాడు!" అరిచాడు మాస్టారు.

మెడ చుట్టూ తాడు పడింది. ఆ గీత పడగానే సూదమ్మ మెడ మీద ఎర్రగా వాత తేలింది. కెవ్వుమంది! కింద మెట్ల దగ్గర అత్త గొడుగుతో తలుపు బాదుతోంది. "ఒరేయ్! నా కోడల్ని ఏం చేస్తున్నావురా! నీ చెయ్యి పడిపోను!"

"ఇప్పుడు మనిషిని గియ్యి. నన్ను గియ్యి. తాడు చివర నా చేతిలో పెట్టు!"

ఎలుగును గీసింది ఎలుగే. మనిషిని గీయడం దానికి పట్టలేదు. సూదమ్మ వేళ్లు మళ్లీ సూదమ్మవయ్యాయి. ఇంకా నేర్చుకునే వేళ్లు. కోటు బాగా వచ్చింది. తను కుట్టిన కోటు, ప్రతి కుట్టూ తెలుసు. తల వచ్చింది. భుజాలు వచ్చాయి. చేతుల దగ్గర బొగ్గు ఆగింది.

ఒక చెయ్యి గీసింది. అరటిగెల. గుడ్డపీలికతో తుడిచింది. ఇంకోటి గీసింది. దువ్వెన. మళ్లీ తుడిచింది. బొమ్మ పాడైతే బుడ్డి ఏమవుతుంది?

కొత్తగా నేర్చుకునేవాళ్లంతా ఏం చేస్తారో ఆమె కూడా అదే చేసింది. చేతులు వెనక్కి పెట్టేసింది. తాడును వెనక ఉన్న చేతుల్లోకి ఎలా తీసుకెళ్లాలో అంతకన్నా తెలియలేదు. తాడు కొసను బొమ్మలోని మాస్టారి బూట్ల ముందు నేల మీద పడేసింది.

"చేతిలో పెట్టావా?"

సిగ్గుపడింది. పాఠం రాని పిల్లలు చెప్పినట్టే చెప్పింది.

"ఊఁ..."

వాడు వికటంగా నవ్వాడు. గది దద్దరిల్లింది. "లే! నా తాడు కట్టిన మృగమా, లే...!"

మెరుపు! దీపం ఆరింది. కపాలం కణకణమని నిప్పులా ఎర్రబడి రెండుగా చీలింది. కాగితం మీది నలుపు పొంగి, పొంగి, సూదమ్మను కప్పేసింది. వెనక కాళ్ల మీద లేచిన ఒక మహాకాయం పైకప్పుకు తల ఆనించి నిలబడింది. మెడలో తాడు వేలాడుతోంది.

మాస్టారు ఇటు తిరిగాడు. తాడు పట్టుకోవడానికి చెయ్యి చాచబోయాడు.

చెయ్యి రాలేదు.

మళ్లీ లాగాడు. రెండు చేతులూ వీపు వెనక ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకుపోయాయి. తన ఒళ్లే తన మాట వినడం లేదు. మెరుపు వెలుగులో పలక మీద చూశాడు. కోటు ఉంది. తల ఉంది. బూట్లున్నాయి...

"చేతులు! నా చేతులేవే...?"

"చేతులు గీయడం రాదు మాస్టారూ" అంది సూదమ్మ గొంతు, ఆ చీకటి లోపలినుంచి. "మీరు ఎలుగు ఒక్కటే నేర్పారు."

పట్టే చెయ్యి లేని తాడు తాడు కాదు. ఆ సంగతి మృగానికి అర్థమైంది. మెడ విదిలించింది. విదిలించగానే సూదమ్మ ఒంటినుంచి ఆ నలుపు దుప్పటిలా జారిపోయింది. ఆమె నేలకు ఒరిగింది. ఎలుగు ఆమెను దాటింది. పాదం మీద బరువు వేస్తూ, తల కిందికి వేలాడేసి, మెల్లగా... మెల్లగా... వాడి ముందుకొచ్చి నిలబడింది. ఆనాడు చూసినట్టే కళ్లలోకి చూసింది.

"వద్దు... నిన్ను నేనే కదా పెంచింది... అమ్మా, చెరిపెయ్! ఆ బొమ్మ చెరిపెయ్ సూదమ్మా...!"

మంత్రం చదవాలంటే ముద్ర పట్టాలి. ముద్ర పట్టాలంటే చేతులు కావాలి!

ఒక్క అరుపు. రెండోది లేదు.

గడియ ఊడిపడి తలుపు తెరుచుకుంది. అత్త మెట్లెక్కి వచ్చేసరికి గదిలో కోడలు ఒక్కతే ఉంది. కపాలం ఉన్నచోట పిడికెడు బూడిద. మాస్టారు లేడు. కోటు గుండీ ఒకటి గుమ్మం దగ్గర దొరికింది.

"బతికున్నావే?"

"పాప ఎలా ఉందత్తా?"

"నిన్నడిగితే నన్నడుగుతావేంటే... పద."

వీధిలోకి రాగానే వాన అందుకుంది. సూదమ్మ చేతులు చూసింది అత్త. గోళ్ల నలుపు వానలో కారిపోతోంది. ఇంటికి చేరేసరికి బుడ్డి మంచం మీద కూర్చుని, ఆకలి అని ఏడుస్తోంది. నుదురు చల్లగా ఉంది. అత్త ఆ పిల్లను ఎత్తుకుని చాలాసేపు దించలేదు.

కాగితం సూదమ్మ చంకలో చుట్టి ఉంది. ఎందుకు తెచ్చిందో ఆమెకే తెలియదు. పొయ్యిలో పడేద్దామని విప్పారు.

ఎలుగు బొమ్మలో లేదు. మనిషి ఉన్నాడు. చేతులు వెనక్కి. మెడలో తాడు! ఆ తాడు నేల మీదుగా పోయి కాగితం అంచు అవతలికి వెళ్లిపోయింది. బిగుతుగా ఉంది. అవతల ఎవరో పట్టి లాగుతున్నట్టు. అత్త పొయ్యి వెలిగించడానికి అగ్గిపుల్ల కోసం వెళ్లి వచ్చేంతలో మనిషి అంచుకు జరిగాడు. మళ్లీ చూసేసరికి కోటు కొస మాత్రమే ఉంది.

అగ్గిపుల్ల వేళ్లదాకా కాలింది. కోటు కొస కూడా అంచు దాటిపోయింది.

బుడ్డి మంచం దిగి వచ్చింది. ఖాళీ కాగితం మీదికి వంగింది. పెద్ద పెద్ద పంజాల గుర్తులు, వాటి వెనకే రెండు పొడుగు గీతలు.

"అమ్మా... ఇక్కడ ఎవరినో ఈడ్చుకెళ్లారు."